మాట మార్చిన డిఫెన్స్: కొల్హాపూర్ కేసు మనకు చెప్పేది
(మన రాతలు, వాళ్ల కేసులు – 9వ భాగం)



ఈ భాగం అసలు వేరే అంశం మీద రాద్దామనుకున్నాను. ఈ మధ్య మా చేజర్ల వైపు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు ఫోన్ చేశాడు. (కపోతేశ్వరుడి గుడి ఉన్న పల్నాడు చేజర్ల కాదు, నెల్లూరు జిల్లా ఆత్మకూరు పక్కన ఉండే మా చేజర్ల.) వాళ్ల మాలపల్లికి ఎప్పుడో ఇచ్చిన డీకేటీ భూమిని ఒక పెద్దమనిషి కలిపేసుకున్నాడని ఫోన్‌లో రాసి పెట్టాడు. దాన్ని ఒక చిన్న లోకల్ పత్రిక ఎత్తి అచ్చేసింది. ఇద్దరికీ లాయరు నోటీసులు వచ్చాయి. పరువు నష్టం.

నోటీసు వచ్చినందుకు ఆ పిల్లవాడు భయపడలేదు. అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. "అన్నా, ముందు అంతా నిజమేనని గట్టిగా చెప్పేద్దాం. రుజువు కాకపోతే, ఊళ్లో అనుకున్నదే రాశామని తర్వాత మార్చుకోవచ్చు గదా?"

చాలామంది అనుకునేది ఇదే. డిఫెన్స్ అంటే చొక్కా లాంటిదని, చిరిగితే ఇంకోటి తొడుక్కోవచ్చని. పత్రికల చరిత్రలో ఈ ప్రశ్నకు మంచి జవాబు ఒకటుంది. 1882లో బొంబాయి హైకోర్టులో నడిచిన కొల్హాపూర్ కేసు. అందులో ముద్దాయిలు బాల గంగాధర తిలక్, గోపాల గణేశ అగార్కర్. వాళ్ల జామీను వెనక నిలబడింది జ్యోతిరావు ఫూలే. పాఠ్య పుస్తకాల్లో మొదటి సగం ఉంటుంది, రెండో సగం ఉండదు. అందుకే మొత్తం చెప్పుకుందాం.

*

1881 జనవరిలో పుణేలో రెండు వారపత్రికలు మొదలయ్యాయి. మరాఠీలో కేసరి, ఇంగ్లీషులో మరాఠా. విష్ణుశాస్త్రి చిప్లూంకర్ చుట్టూ చేరిన యువ బ్రాహ్మణ పట్టభద్రులు పెట్టిన పత్రికలు అవి. కేసరికి అగార్కర్, మరాఠాకి తిలక్ సంపాదకులు. ఇద్దరికీ అప్పటికి పాతికేళ్లే. మీ వయసు వాళ్లేనని గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడాదే కొల్హాపూర్ సంస్థానం నుంచి వార్తలు రావడం మొదలైంది. శివాజీ వంశపు గద్దె అది. దాని మీద నాలుగో శివాజీ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఉన్నాడు. దత్తత వచ్చిన పిల్లవాడు. అతనికి మతి స్థిమితం లేదని బ్రిటిషు అధికారులు, సంస్థానం కారభారి రావు బహదూర్ మాధవరావు బర్వే చెబుతున్నారు. పిచ్చి లేని వాడిని పిచ్చివాడిగా చేస్తున్నారని, హింసిస్తున్నారని పుణేలో చెప్పుకుంటున్నారు. మరాఠా దేశమంతా ఉడికిపోయింది.

ఆ ఉడుకులోకి కొన్ని ఉత్తరాలు వచ్చి పడ్డాయి. బర్వే రాసినవని చెప్పారు. రాజుకు హాని తలపెట్టినట్టు వాటిలో ధ్వని ఉంది. ఆ ఉత్తరాల బలం మీద పత్రికలు కారభారిని నేరుగా నిందించాయి. కేసరి, మరాఠాలతో పాటు పుణేలోని జ్ఞానప్రకాశ్ పత్రిక కూడా ఇందులో ఇరుక్కుంది.

బర్వే క్రిమినల్ కేసు వేశాడు. భారత శిక్షాస్మృతి 1862లో అమల్లోకి వచ్చింది. అందులో 499, 500 సెక్షన్లు పరువు నష్టానివి. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇరవై ఏళ్ల పాత చట్టం అప్పటికి. ఇవాళ నూట అరవై ఏళ్లు దాటినా దాని సారం అదే. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ అని నంబరు మారింది, సమాజ సేవ అనే శిక్ష ఒకటి చేరింది. మిగతాదంతా దాదాపు మెకాలే నాటి కొలతే.

*

ముద్దాయిలకు జామీను కావాలి. పదివేల రూపాయలు. 1882లో పదివేలంటే ఎంతో లెక్క వేసుకోండి. ఇప్పుడే బడి, పత్రిక పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లకు అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడే ఫూలే వస్తాడు. ఆయన మాట మీద సత్యశోధక్ సమాజానికి చెందిన రామ్‌శేట్ ఉరవణే ఆ జామీను నిలబడ్డాడు.

దీన్ని కాస్త ఆగి చూడాలి. చిప్లూంకర్ తన నిబంధమాలలో ఫూలేను, ఆయన భాషను, ఆయన పుస్తకాలను ఎగతాళి చేసినవాడు. తిలక్, అగార్కర్ ఆ చిప్లూంకర్ నీడలో పెరిగిన పిల్లలు. అటువంటి వాళ్లకు శూద్ర, అతిశూద్రుల సంఘం మనిషి పదివేలకు జామీను ఎందుకు ఉండాలి? ఫూలేకి కొల్హాపూర్ గద్దె అంటే శూద్ర రాజు శివాజీ గద్దె. అక్కడ ఒక కుర్రవాడిని నలిపేస్తున్నారన్న మాట వస్తే, దాన్ని అడిగినవాడి కులం చూడలేదు ఆయన. అడిగిన ప్రశ్న చూశాడు. మన ఉద్యమ చరిత్రలో ఇది పెద్ద మనసు. దీనికి బదులు ఏమొచ్చిందో తర్వాత చెప్తాను.

విద్యార్థులు కూడా ఊరుకోలేదు. కేసు ఖర్చుల కోసం నాటకాలు వేసి టిక్కెట్లు అమ్మి డబ్బు పోగేశారు. అంటే వెనక జనం ఉన్నారు, డబ్బు ఉంది, మంచి బారిస్టర్లు ఉన్నారు. పోయింది ఒక్కటే. రుజువు.

*

డిఫెన్స్ మొదట ఉత్తరాల మీద నిలబడింది. ఉత్తరాలు అసలువైతే రాసింది నిజం, ప్రజా ప్రయోజనం కోసం రాశాం, 499లోని మొదటి మినహాయింపు మాది. చక్కని, గట్టి డిఫెన్స్. దాన్ని మోస్తున్న స్తంభం ఒక్కటే.

ఆ స్తంభం కూలింది. ఉత్తరాలు ఫోర్జరీ అని తేలింది. వాటిని అందించిన నానా భిడే అనే మనిషి మీద వేరే కేసు నడిచి శిక్ష కూడా పడింది. ఇప్పుడు కేసరి, మరాఠాల వాళ్లు ఏం చేయాలి? మాట మార్చక తప్పలేదు. మేం ఆ ఉత్తరాలు నిజమేనని నమ్మాం, దురుద్దేశం లేదు అన్నారు. బర్వేకి కోర్టులో క్షమాపణ చెప్పారు.

1882 జూలై 17న జస్టిస్ లేథమ్ తీర్పు చెప్పాడు. ఇద్దరికీ నాలుగు నెలల సాధారణ జైలు. బొంబాయి డోంగ్రీ జైల్లో 101 రోజులు ఉండి అక్టోబర్ 26న బయటికొచ్చారు. అగార్కర్ ఆ 101 రోజుల మీద తర్వాత ఒక పుస్తకమే రాశాడు.

క్షమాపణ చెప్పినా జైలు ఎందుకు తప్పలేదు? మన విద్యార్థులకు ఇక్కడే పాఠం ఉంది.

499లో పది మినహాయింపులున్నాయి. అందులో పత్రికలకు, మనలాంటి వాళ్లకు ఎక్కువగా పనికొచ్చేవి రెండు. మొదటిది: రాసింది నిజం, దాన్ని చెప్పడం ప్రజలకు మేలు. తొమ్మిదోది: సదుద్దేశంతో, మన హక్కు కాపాడుకోవడానికో ప్రజల మేలు కోసమో రాశాం. చాలామంది రెండోది తేలిక అనుకుంటారు. కానీ శిక్షాస్మృతిలో సదుద్దేశం అంటే మంచి మనసు అని అర్థం కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ తీసుకుని చేసిన పని అని అర్థం. అది అచ్చుకు ముందు జరగాలి. అంటే కోర్టు అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: "ఈ ఉత్తరం నీ చేతికొచ్చిన రోజు నువ్వేం చేశావు? చేతిరాత పోల్చావా? తెచ్చినవాడికి ఇది ఎలా దొరికిందని అడిగావా? అవతలివాడి మాట తీసుకున్నావా?"

మొదటి రోజు నుంచి "ఇది నిజం" అని మాత్రమే పట్టుకున్నవాడి దగ్గర ఈ ప్రశ్నలకు జవాబులు ఉండవు. ఎందుకంటే అతను జాగ్రత్తను రుజువు చేసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. స్తంభం కూలాక రెండో స్తంభం కోసం వెతికితే, అక్కడ పునాదే తీసి ఉండదు.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. 1965లో సుప్రీంకోర్టు హర్భజన్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. పంజాబ్ ముఖ్యమంత్రి కైరాన్ కొడుకు మీద స్మగ్లింగు ఆరోపణలు చేస్తూ పత్రికలకు ప్రకటన ఇచ్చిన కేసు అది. నిజం పూర్తిగా రుజువు చేయలేకపోవడం వేరు, సదుద్దేశం లేకపోవడం వేరని కోర్టు చెప్పింది. ముద్దాయి తన మినహాయింపును ప్రాసిక్యూషన్ లాగా సందేహం లేకుండా రుజువు చేయనక్కర్లేదు, ఎక్కువ సంభావ్యత చూపిస్తే చాలు అంది. తొమ్మిదో మినహాయింపు కింద అతన్ని విడుదల చేసింది. అంటే తొమ్మిదో దారి నిజంగానే ఉంది. దానికి సరుకు ముందే సిద్ధం చేసుకున్నవాడికి.

*

ఇప్పుడు కథలో మిగతా సగం.

జైలు నుంచి వచ్చిన తిలక్, అగార్కర్‌లకు జనం స్వాగతం పలికారు. సత్యశోధకులూ సన్మానించారు. కోర్టులో ఓడిన డిఫెన్స్ ఆ ఇద్దరినీ నాయకుల్ని చేసింది. మరి ఎవరి కోసం ఇదంతా రాశారో ఆ కుర్ర రాజు? 1883 డిసెంబర్ 25న అహ్మద్‌నగర్ కోటలో, కావలిగా ఉన్న ఒక తెల్ల సిపాయితో పెనుగులాటలో చనిపోయాడు. ఇరవై ఏళ్లు. కేసులో ఎక్కడా అతని గొంతు లేదు. అతని పేరు మీద పత్రికలు అమ్ముడయ్యాయి, అతని పేరు మీద లాయర్లు వాదించారు, అతను ఒంటరిగా పోయాడు.

1884లో ఆ గద్దెకు ఇంకో పిల్లవాడు దత్తత వచ్చాడు. ఆయనే మన శాహూ మహారాజ్. 1902 జూలై 26న సంస్థానం ఉద్యోగాల్లో వెనుకబడిన వర్గాలకు 50 శాతం కేటాయించిన శాహూ. వేదోక్త వివాదంలో, శాహూకి వేద మంత్రాలతో కర్మ చేసే హక్కు లేదన్న పురోహితుల పక్షాన నిలబడింది ఎవరు? కొల్హాపూర్ గద్దె కోసం జైలుకెళ్లిన ఆ తిలకే.

ఇంకా ఉంది. 1920 జనవరి 31న బాబాసాహెబ్ మూక్‌నాయక్ మొదలుపెట్టారు. శాహూ మహారాజ్ 2,500 రూపాయలు ఇచ్చారు. పత్రిక వస్తోందని కేసరికి ప్రకటన పంపితే, డబ్బులిస్తామన్నా కేసరి వేయలేదు. అప్పటికి తిలక్ బతికే ఉన్నాడు. ఫూలే మనిషి పదివేల జామీనుకు నిలబడితే, ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన బదులు ఇది. నేను దీన్ని పగ కోసం చెప్పడం లేదు. పత్రికా స్వేచ్ఛ అనే మాట ఎవరికి జామీను ఇచ్చింది, ఎవరికి తలుపు మూసింది అనే లెక్క మన దగ్గర ఉండాలి కాబట్టి చెబుతున్నాను.

*

ఆ లెక్కలో ఇంకో పేజీ 1926. దినకర్‌రావు జవల్కర్ అనే బ్రాహ్మణేతర ఉద్యమ యువకుడు 'దేశాచే దుష్మన్' అనే పుస్తకం రాశాడు. తిలక్, చిప్లూంకర్‌లను ఉతికి ఆరేసిన పుస్తకం. అచ్చు వేయించింది కేశవరావు జెధే. పుణేలో పరువు నష్టం కేసు పడింది, కింది కోర్టులో శిక్షలు పడ్డాయి. అప్పీలుకు వచ్చిన బారిస్టర్ డాక్టర్ అంబేద్కర్.

పుస్తకంలోని ప్రతి మాటా నిజమని రుజువు చేయబోతే ఆ కేసు ఏళ్లు నడిచేది, మళ్లీ జైలు దాకా పోయేది. ఆయన అడిగిన ప్రశ్న చిన్నది, పదునైనది. చనిపోయినవాళ్ల పరువు గురించి ఫిర్యాదు చేస్తున్న ఈ మనిషికి ఆ హక్కు ఎక్కడిది? చట్టం చెప్పే దగ్గరి బంధువా? అప్పీలు గెలిచింది. ముద్దాయిలు విడుదలయ్యారు.

ఇది కూడా డిఫెన్స్‌ను ఎక్కడ నిలబెట్టాలో ఎంచుకోవడమే. కాకపోతే ఇక్కడ తేడా చూడండి. ఫిర్యాదికి హక్కు ఉందా అన్నది చట్టం ప్రశ్న. దానికి కావలసిన వాస్తవాలు అప్పటికే రికార్డులో ఉంటాయి. కొత్త సాక్షి అక్కర్లేదు, కొత్త కాగితం అక్కర్లేదు. అలాంటి ప్రశ్నను ఆలస్యంగా ఎత్తినా నిలబడుతుంది. వాస్తవాల మీద నిలబడే డిఫెన్స్‌ను ఆలస్యంగా మారిస్తే నిలబడదు. కొల్హాపూర్ కేసుకీ పుణే అప్పీలుకీ మధ్య గీత అదే.

ఈ హక్కు ప్రశ్న ఇప్పటికీ పదునుగానే ఉంది. 1971లో సేలంలో ద్రావిడర్ కళగం జరిపిన మూఢనమ్మకాల నిర్మూలన మహాసభ తీర్మానాన్ని వక్రీకరించారని హిందూ, ఇండియన్ ఎక్స్‌ప్రెస్, దినమణి పత్రికల మీద ఆహ్వాన సంఘం అధ్యక్షుడు కేసు వేశారు. మహాసభ అంటే ఫలానా వాళ్లని గుర్తుపట్టగల నికరమైన గుంపు కాదు, కాబట్టి ఆయన బాధితుడు కాడని 1972లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. కేసు వేసింది మన వైపు వాళ్లే, ఓడిందీ వాళ్లే. అయినా ఆ తీర్పు ఇవాళ మనకు ఆయుధం. "మా కులాన్ని అన్నావు" అని ఎవరో ఒకరు లేచి కేసు వేస్తే, ముందు చూడాల్సింది ఇదే.

*

సివిల్ దావా సంగతి కూడా చెప్పాలి. నష్టపరిహారం అడుగుతూ దావా వేస్తే మనం రిటన్ స్టేట్‌మెంట్ వేయాలి. దాన్ని మార్చుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 6 రూల్ 17 ఉంది. 2002 నుంచి దానికి ఒక గొళ్లెం పెట్టారు. విచారణ మొదలయ్యాక మార్చాలంటే, ఎంత శ్రద్ధ పెట్టినా ఈ విషయం ముందు ఎత్తలేకపోయామని కోర్టును ఒప్పించాలి. ఒకసారి ఒప్పుకున్న మాటను వెనక్కి తీసుకోవడం మరీ కష్టం. అయితే మొదటి రోజే రెండు మూడు డిఫెన్స్‌లు ప్రత్యామ్నాయంగా వేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. రాసింది నిజం, అది కాదంటే న్యాయమైన వ్యాఖ్య, అదీ కాదంటే అసలు ఆ రాత ఇతని గురించే కాదు. ఈ మూడూ ఒకే కాగితంలో ఉండొచ్చు. ఆ కుర్రాడు "తర్వాత మార్చుకుందాం" అన్నది, నిజానికి "మొదటే అన్నీ పెడదాం" అని ఉండాలి. ఇంకొకటి, అచ్చయిన రాత మీద నష్టపరిహారం దావాకు గడువు ఒక్క ఏడాదే. నోటీసు రాగానే తేదీలు చూసుకోండి.

ఆలస్యం ఎంత ఖరీదో ఆస్ట్రేలియాలో ఈ మధ్యే చూశాం. 2017 చివర్లో సిడ్నీ డైలీ టెలిగ్రాఫ్ పత్రిక నటుడు జెఫ్రీ రష్ ఒక నాటకంలో సహనటితో అనుచితంగా ప్రవర్తించాడని పతాక శీర్షికల్లో వేసింది. ఆయన దావా వేశాడు. పత్రిక మొదట వేసిన డిఫెన్స్‌లో సరుకు చాలక కొంత భాగం కోర్టు కొట్టేసింది. తర్వాత ఆ నటి సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నాక డిఫెన్స్‌ను మళ్లీ కట్టారు. 2018లో విచారణ చివరికొచ్చాక ఇంకో స్త్రీ సాక్ష్యం చేర్చుకుంటామన్నారు. జడ్జి మైకేల్ విగ్నీ ఒప్పుకోలేదు. ఇంత ఆలస్యంగా తెస్తే అవతలి పక్షానికి అన్యాయం అన్నాడు. 2019 ఏప్రిల్‌లో పత్రిక ఓడింది. మొత్తం దాదాపు 29 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టాల్సి వచ్చింది.

డబ్బు సంగతి వదిలేయండి. ఆ నటి తన విషయం పత్రికలో రావాలని కోరుకోలేదు. ఆమెను అడగకుండా వేశారు. వేశాక, తమ డిఫెన్స్ నిలబడాలంటే ఆమే కావాల్సి వచ్చింది. ఆమె బోనెక్కి రోజుల తరబడి ప్రశ్నలు ఎదుర్కొంది. చివరికి ఆమె మాట నమ్మదగింది కాదని తీర్పులో రాశారు.

కొల్హాపూర్ కుర్ర రాజును మళ్లీ గుర్తు తెచ్చుకోండి. పత్రిక తొందరపడి రాస్తుంది. డిఫెన్స్ ఊగుతుంది. ఆ ఊగే డిఫెన్స్ బరువు చివరికి ఎవరి పేరు మీద రాశారో వాళ్ల మీద పడుతుంది.

*

ఇప్పుడు మన ఉదయగిరి, ఆత్మకూరు సీమకు రండి. ఒక మాదిగ ఆడమనిషి మీద దౌర్జన్యం జరిగిందని ఏదో ఒక పేపరు వేస్తుంది. ఒక ఎసైన్డ్ భూమి ఎవరి చేతిలోకి పోయిందో ఒక పిల్లవాడు రాస్తాడు. నోటీసు వస్తే పేపరు వాళ్లు ఒక మూల చిన్న సవరణ వేసి తప్పుకుంటారు. రాసిన పిల్లవాడు, మాట చెప్పిన ఆ అమ్మ మిగులుతారు. రేపు కోర్టులో "నువ్వు అట్టా చెప్పావా, ఎప్పుడు చెప్పావు, ఎవరి ముందు చెప్పావు" అని అడిగేది ఆమెనే. ఆమెకు రామ్‌శేట్ ఉరవణే లేడు.

భాగ్యరెడ్డి వర్మ, కుసుమ ధర్మన్న పత్రికలు నడిపిన రోజుల నుంచీ మన పత్రికలకు ఉన్న కష్టం ఇదే. రాసేవాళ్లకు కొరత లేదు. రాసినదానికి జామీను ఉండేవాళ్లకు కొరత.

ఇదే సీమలో కలిగిరి పక్కన దూబగుంట ఉంది. 1992 నాటికి అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు. వాళ్లను ఎవరూ అబద్ధాలకోరులని అనలేకపోయారు. ఎందుకంటే వాళ్లు చెప్పింది వాళ్ల ఇంట్లో, వాళ్ల కళ్ల ముందు జరిగింది. ఎవరో ఇచ్చిన ఉత్తరం మీద వాళ్లు నిలబడలేదు.

అందుకే ఆ కుర్రాడికి చెప్పింది మీకూ చెప్తున్నాను.

రాయక ముందే డిఫెన్స్ రాసుకోండి. అడంగల్, 1బీ కాపీలు, డీకేటీ పట్టా నకలు తీసి తేదీతో దాచుకోండి. సమాచార హక్కు అర్జీ పెడితే దాని రశీదు కూడా దాచండి. అవతలివాడి మాట అడగండి. చెప్పకపోతే, అడిగామనే రుజువు ఉంచుకోండి. తొమ్మిదో మినహాయింపు బతికేది ఆ రుజువు మీదే.

మీకు తెలిసినదీ, ఊహించినదీ ఒకే వాక్యంలో కలపొద్దు. "ఈ సర్వే నంబరు ఫలానా ఏడాది వీళ్లకు ఇచ్చారు, ఇప్పుడు సాగులో వేరేవాళ్లున్నారు" అన్నది కాగితం నిలబెడుతుంది. "వాడు దొంగ" అన్నది మీ ఒక్కడి మీద పడుతుంది.

ఎవరి కష్టం రాస్తున్నారో వాళ్లను అడగండి. "అమ్మా, ఇది రాస్తే రేపు కోర్టుకు పిలవొచ్చు, వస్తావా?" అని ముందే చెప్పండి. రానంటే వేరే దారిలో రాయండి. ఆమె చెప్పిన మాట మీద ఆమెకే హక్కు.

నోటీసు వచ్చిన రోజు కోపంలో జవాబు ఇవ్వొద్దు. మొదటి జవాబులో ఏం ఒప్పుకుంటే అది చివరిదాకా వెంట వస్తుంది. లాయరు దగ్గర కూర్చుని, ఉన్న డిఫెన్స్‌లన్నీ మొదటి కాగితంలోనే పెట్టించండి. ఫిర్యాదికి హక్కు ఉందా అన్న ప్రశ్న మర్చిపోవద్దు.

చివరిగా, ప్రతి మండలంలో జామీను ఉండగలిగే పదిమంది పేర్లు మన సంఘాల దగ్గర రాసి ఉండాలి. ఉద్యోగం చేసుకుంటున్న మన వాళ్లు, ఇంటి పట్టా ఉన్న మన వాళ్లు. ఫూలే ఎదుటి వర్గం పిల్లలకే ఆ పని చేయించాడు. మన పిల్లలకు మనం చేయకపోతే ఆ పేరు తలుచుకునే హక్కు మనకు లేదు.

ఆ కుర్రాడి పత్రాలు చూశాను. పట్టా నకలు ఉంది, అడంగల్ ఉంది, తహసీల్దారుకు పెట్టిన అర్జీ రశీదు ఉంది. డిఫెన్స్ మార్చాల్సిన పని రాదనే అనుకుంటున్నాను.

వచ్చే భాగంలో ఎసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, 1977 గురించి మాట్లాడుకుందాం. మీ ఊళ్లో ఇలాంటి నోటీసులు వచ్చినవాళ్లుంటే ఈ భాగం వాళ్లకు చదివి వినిపించండి.

జై భీమ్. జై ఫూలే.